ఏ నరం కోశారు?

మన వాళ్ళకు నరం అనేది ఒకటే మాట. చేతి మీద నీలంగా కనిపించేదీ నరమే, మెడ పట్టేస్తే పట్టేసింది నరమే, మడమ వెనుక తాడులా గట్టిగా తగిలేదీ నరమే, వెన్నులోంచి కాలికి పోయేదీ నరమే. మన ఇళ్ళలో ఉర్దూలో చెప్పుకున్నా అంతే. అన్నిటికీ కలిపి 'నస్' అనే ఒక్క మాటతో సంసారం నడిచిపోతుంది. రోజువారీ పనికి దీనివల్ల ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది ఎప్పుడంటే, ఒక తండ్రి వచ్చి "మాస్టర్ సాబ్, పాపకు నస్ కోయాలంటున్నారు, కోయించమంటారా?" అని అడిగినప్పుడు.

అడిగినాయన వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. పాప మా బడిలోనే ఒకటో తరగతి, ఆరేళ్ళు. మునివేళ్ళ మీద నడుస్తుంది, మడమలు నేలకు ఆనవు. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, కత్తెర మూసి తెరిచినట్లు కాళ్ళు పడతాయి. గోడ పట్టుకుని తరగతి గది నుంచి నీళ్ళ కుండ దాకా తనే పోతుంది, ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే ఒప్పుకోదు. మాట కొంచెం ముద్దగా వస్తుంది గాని, కూడికలు మాత్రం పక్కవాళ్ళ కంటే ముందే చేసి పలక చూపిస్తుంది.

ఆయన ఒక్కడే రాలేదు. వెంట మా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు. పదిహేనేళ్ళ క్రితం మా దగ్గర ఐదో తరగతి చదివాడు, ఇప్పుడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. రెండు చంకకర్రల మీద, మోకాళ్ళు వంగిపోయి, కుర్చీలో కూర్చోబోతున్న మనిషిలా నడుస్తాడు. ఇతనిదీ అదే జబ్బు. నాలుగో ఏట ఒక పట్నంలోని ఆసుపత్రిలో రెండు మడమల వెనుకా కోశారు. సిమెంటు కట్టు విప్పిన రోజు మడమలు నేలకు ఆనాయని వాళ్ళ అమ్మ వీధంతా మిఠాయి పంచిందట. మా తరగతికి వచ్చేటప్పటికే మోకాళ్ళు వంగడం మొదలైంది. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి కర్రలు లేకుండా నిలబడలేకపోయాడు. "సార్, ఏ నస్ కోశారో మా అబ్బాకు ఈనాటికీ తెలీదు. కాగితం మీద వేలిముద్ర వేశాడు, అంతే. ఈ భాయ్ వేలిముద్ర వేసే ముందు మీరు కాస్త చదివి చెప్పండి" అన్నాడు.

మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియంలో లెక్కలూ సాంఘిక శాస్త్రమూ చెప్పుకుని బ్రతికేవాళ్ళం. అయితే చరిత్ర చదవడం పాత అలవాటు గనుక దసరా సెలవులూ సంక్రాంతి సెలవులూ దీని మీదనే పెట్టాము. అర్థం కానివి ఒక పిల్లల వైద్యుణ్ణీ, ఒక ఫిజియోథెరపీ అమ్మాయినీ అడిగి తెలుసుకున్నాము. ఇంతలో కార్యదర్శిగారు సంచికకు చరిత్ర వ్యాసం కావాలన్నారు. రాజుల కథలు ప్రతియేడూ ఇస్తూనే ఉన్నాము గదా, ఈసారి కాళ్ళ కథ ఇద్దామనిపించింది.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. మన పెద్దవాళ్ళు కాలు బాగాలేని పిల్లలందరినీ 'పోలియో' అనేస్తారు. పోలియోలో కాలు మెత్తబడి, వేలాడి, సన్నబడుతుంది. మన దేశంలో అడవి పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరా దగ్గర బయటపడింది, 2014 మార్చిలో దేశం పోలియో లేనిదని సర్టిఫికెట్టు వచ్చింది. ఈ పాపది అది కాదు. ఇక్కడ కాలు మెత్తబడలేదు, బిగుసుకుంది. దీని పేరు సెరిబ్రల్ పాల్సీ. దెబ్బ కాలిలో లేదు, మెదడులో ఉంది. కడుపులో ఉండగానో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ అది. ఆ దెబ్బ తర్వాత పెరగదు, తరగదు. ప్రపంచం మొత్తం మీద వెయ్యి కాన్పులకు సుమారు ఇద్దరు పిల్లల్లో కనిపిస్తుంది. వాళ్ళలో పదింట ఎనిమిదిమందికి కండరాలు బిగుసుకునే రకమే. వైద్యులు దాన్ని స్పాస్టిసిటీ అంటారు.

ఇప్పుడు నరాల సంగతి. తరగతిలో చెప్పినట్లే చెబుతాము. గొట్టం నరం ఒకటి, అందులో రక్తం పారుతుంది, ఈ కథలో దానికి పని లేదు. తాడు నరం రెండోది, అది కండను ఎముకకు కట్టి ఉంచుతుంది, మడమ వెనుక చేతికి తగిలేది అదే. తీగ నరం మూడోది, కరెంటు తీగలాగా వెన్నుకూ కండకూ మధ్య వార్తలు మోస్తుంది. ఈ తీగల్లో మళ్ళీ రెండు జాతులు. కండ నుంచి వెన్నుకు 'నన్ను లాగుతున్నారు' అని కబురు తెచ్చేవి కొన్ని, వెన్ను నుంచి కండకు 'బిగుసుకో' అని హుకుం తీసుకుపోయేవి కొన్ని. మామూలు మనిషిలో ఈ హుకుంకు మెదడు పైనుంచి కళ్ళెం వేస్తుంటుంది. సెరిబ్రల్ పాల్సీలో ఆ కళ్ళెం వదులు. అందుకని కాలు చాపబోతే చాలు, కండ గబుక్కున బిగుసుకుంటుంది.

అంతటితో పోయినా బాగుండేది. ఎముక పెరుగుతూ పోతుంది. కండ పెరగాలంటే రోజూ సాగాలి, ఆడాలి, పరుగెత్తాలి. ఎప్పుడూ బిగిసి ఉండే కండ ఎముకతో సమానంగా పెరగలేదు, పొట్టిదైపోతుంది. అప్పుడు రెండు జబ్బులు ఒకచోట చేరతాయి. తీగల వల్ల వచ్చిన బిగుతు ఒకటి, కండ పొట్టి కావడం ఒకటి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆపరేషను బల్ల మీద పిల్లవాణ్ణి నిద్రపుచ్చితే మొదటిది వదులవుతుంది, రెండోది కాదు. ఈ ఒక్క ముక్క ఎందరు తల్లిదండ్రులకు చెబుతారో గాని, చరిత్రంతా దీని చుట్టూనే తిరిగింది.

కథ మొదలైంది ఒక కుంటి పిల్లవాడితో. విలియం జాన్ లిటిల్ 1810లో లండన్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే జబ్బు చేసి ఎడమ పాదం లోపలికి తిరిగిపోయింది. వైద్యం చదువుకున్నాడు, ముఖ్యంగా తన పాదాన్ని బాగుచేసేవాడు ఎక్కడైనా ఉన్నాడేమోనని. తాడు నరం కోయడం అప్పటికి కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో డెల్‌పెష్ అనే ఆయన 1816లో ఒకరికి కోశాడు గాని, గాయం చీము పట్టింది, మళ్ళీ ఆ జోలికి పోలేదు. అప్పటికి మత్తుమందు లేదు, క్రిములను చంపే మందు లేదు. కోత పెద్దదైతే ప్రాణానికే మోసం. జర్మనీలో హానోవర్‌లో స్ట్రోమేయర్ అనే శస్త్రవైద్యుడు ఇంకో ఉపాయం పట్టాడు. చర్మాన్ని చీల్చకుండా, సన్నటి కత్తిని చిన్న రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చి తాడును తెంపడం. గాలి తగలదు, చీము పట్టదు. లిటిల్ అక్కడికి ప్రయాణమై పోయి 1836లో తన పాదాన్ని ఆయన చేతిలో పెట్టాడు. పాదం చక్కబడింది. ఆ విద్య నేర్చుకుని, బెర్లిన్‌లో దాని మీదనే పట్టా పుచ్చుకుని, 1837లో లండన్‌లో తనే మొదటి ఆపరేషను చేశాడు. తర్వాత వంకర కాళ్ళ పిల్లలకోసం లండన్‌లో ఆసుపత్రి కూడా పెట్టించాడు.

పిల్లలు వందలకొద్దీ వచ్చారు. వస్తుంటే ఆయనకొకటి అర్థమైంది. వీళ్ళలో కొందరి పాదం తన పాదం లాంటిది కాదు. రెండు కాళ్ళూ బిగిసి, తొడలు అతుక్కుని, మునివేళ్ళ మీద నడిచే పిల్లలు వేరే జాతి. తల్లులను కూర్చోబెట్టి కాన్పు ఎలా జరిగిందో అడిగాడు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, చాలాసేపు నొప్పులు పడ్డాక పుట్టినవాళ్ళు, పుట్టగానే ఏడవని వాళ్ళు. 1861లో లండన్‌లో కాన్పుల వైద్యుల సంఘం ముందు ఈ విషయం చదివాడు. ఆ రోజుల్లో ఇది ఎవరూ వినని మాట. షేక్స్‌పియర్ నాటకంలోని మూడో రిచర్డు రాజును కూడా ఉదాహరణకు తెచ్చుకున్నాడు, నెలలు నిండక పుట్టిన వంకర మనిషి అని. చాలాకాలం ఈ జబ్బును లిటిల్ జబ్బు అనే పిలిచారు.

ఇక్కడ తల్లుల కోసం ఒక మాట. లిటిల్ చెప్పినదాన్ని లోకం గట్టిగా పట్టుకుంది. పిల్లవాడికి ఇలా అయిందంటే కాన్పులో ఏదో పొరపాటు జరిగి ఉండాలన్నారు. కాన్పు అన్న తర్వాత నింద ఎటు పోతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. మంత్రసాని మీదికి పోకపోతే కోడలి మీదికి పోతుంది. పాప తల్లి కూడా మా ముందు తల వంచుకునే కూర్చుంది, అత్తగారు ఏమంటున్నదో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. అయితే 1897లోనే వియన్నాలో ఒకాయన దీనికి ఎదురు చెప్పాడు. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్. కలల గురించి వ్రాసిన ఫ్రాయిడేనా అంటే ఆయనే, అంతకుముందు నరాల వైద్యుడు. పిల్లల పక్షవాతం మీద ఆయన వ్రాసిన పెద్ద గ్రంథంలో, కష్టమైన కాన్పే కారణం కాకపోవచ్చు, కడుపులో బిడ్డకు అంతకుముందే ఏదో జరిగి ఉంటే కాన్పు కష్టం కావడం దానికి గుర్తు కావచ్చు అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో సుమారు 54 వేల గర్భాలను వెంబడించి సేకరించిన వివరాలను కారిన్ నెల్సన్, జోనాస్ ఎలెన్‌బర్గ్ పరిశీలించి 1986లో ప్రకటించాకగాని ఆయన మాటకు బలం రాలేదు. కాన్పు సమయంలో ఊపిరాడక వచ్చిన కేసులు కొద్దిపాళ్ళే అని తేలింది. కాన్పులో జాగ్రత్త అక్కరలేదని దీని అర్థం కాదు. తన పరిచారిక ఒకామె ప్రసవంలో చనిపోయిందన్న దుఃఖంతో నీలోఫర్ యువరాణి పూనుకోగా హైదరాబాదులో 1953లో ఆసుపత్రి తెరిచారు. అలాంటి ఆసుపత్రుల వల్ల బ్రతికిన తల్లీబిడ్డలు ఎందరో. మేము చెప్పేది, ఈ జబ్బుకు తల్లిని దోషిగా నిలబెట్టడానికి ఆధారం లేదని మాత్రమే.

మళ్ళీ నరాల దగ్గరికి వద్దాం. లిటిల్ కోసింది తాడు నరం. తీగ నరం మీదికి చూపు మళ్ళించింది ఇంగ్లండులో షెరింగ్టన్. 1898లో ఆయన పిల్లుల మీద పరీక్షలు చేసి, మెదడు పైభాగానికీ వెన్నుకూ సంబంధం తెంపితే కాళ్ళు కొయ్యబారిపోతాయనీ, వెన్నులోకి కబురు తెచ్చే తీగలను తెంపితే ఆ కొయ్యబారడం పోతుందనీ చూపాడు. హుకుం తీసుకుపోయే తీగను ముట్టనక్కరలేదు, కబురు ఆపితే చాలు! ఆయనకు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని దాని దాకా ఆగకుండానే, జర్మనీలో బ్రెస్లావ్ నగరంలో ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ ఈ పనిని మనుషుల మీద చేశాడు. 1908లో మొదలుపెట్టి 1913 నాటికి 159 మంది ఫలితాలు ప్రకటించాడు. (తర్వాత రష్యా నాయకుడు లెనిన్‌కు పక్షవాతం వస్తే వైద్యం చేయడానికి పిలిపించింది ఈయననే.) కాళ్ళు వదులైన మాట నిజమే. కాని వెన్ను వేరును వేరుగానే, మొత్తంగా తెంపేవాడు. కబురు తెచ్చే తీగ పోతే బిగుతు ఒక్కటే పోదు, స్పర్శ కూడా పోతుంది. కాలు ఎక్కడుందో కాలికే తెలియదు. పెద్ద ఆపరేషను, ఆనాటి వైద్యానికి ప్రమాదం ఎక్కువ. యాభై యేళ్ళు దాన్ని అటక మీద పెట్టేశారు.

ఆ యాభై యేళ్ళూ ఏం చేశారంటే, ఎక్కువగా తాళ్ళు కోశారు. పోలియో రోజులవి. ఎముకల డాక్టర్లకు చెయ్యి తిరిగింది పోలియో కాళ్ళ మీద, ఆ విద్యనే బిగిసిన కాళ్ళ మీదికీ తెచ్చారు. మడమ ఆనకపోతే మడమ తాడు, తొడలు అతుక్కుంటే తొడ లోపలి తాడు, మోకాలు వంగితే మోకాలి వెనుక తాడు. ఒక యేడు ఒకటి, మరుసటి యేడు ఇంకొకటి. కెనడాలో మెర్సర్ రాంగ్ అనే ఎముకల వైద్యుడు దీనికి 'పుట్టినరోజు జబ్బు' అని పేరు పెట్టాడు. పిల్లవాడి పుట్టినరోజు ప్రతియేడూ ఆసుపత్రి మంచం మీదనే అన్నమాట.

మా పాత విద్యార్థికి ఏం జరిగిందో మాకు తెలిసింది ఇక్కడే. నిలబడ్డప్పుడు మోకాలి కింది ఎముక ముందుకు పడిపోకుండా వెనుక నుంచి పట్టి ఉంచేది పిక్క కండ. దాని తాడే మడమ తాడు. బండి ముందుకు దొర్లకుండా వెనుక నుంచి పట్టిన పగ్గం అనుకోండి. అది మరీ బిగిస్తే మడమ లేస్తుంది. దాన్ని మరీ వదులు చేస్తే మడమ ఆనుతుంది, కాని పగ్గం పోయింది గనుక ఎముక ముందుకు వాలుతుంది. ఎముక వాలితే మోకాలు వంగుతుంది, మోకాలు వంగితే తొడ వంగుతుంది. మోకాలి వెనుక బిగుతు ముందే ఉంది, అది ఇంకా గుంజుతుంది. పిల్లవాడు చిన్నగా, తేలికగా ఉన్నప్పుడు తెలియదు. బరువు పెరిగేకొద్దీ నడక కుంగిపోతుంది. పొట్టి తాడును పొడుగు చేయవచ్చు, కాని పొడుగైపోయిన తాడును మళ్ళీ సరిగ్గా బిగించడం ఎవరికైనా కష్టమే. అందుకని మరీ చిన్న వయసులో, రెండు కాళ్ళూ బిగిసిన పిల్లలకు, మడమ తాడు ఒక్కదాన్నే పట్టుకుని ఎక్కువగా వదులు చేయవద్దని ఇప్పుడు పాఠ్యపుస్తకాలే చెబుతున్నాయి. ఇతనికి కోసినవారు చెడు తలపుతో చేశారని మేము అనము. మునివేళ్ళు చూశారు, మోకాళ్ళు చూడలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంటే అమ్మీ పంచిన మిఠాయి ఈ పగ్గం కోసినందుకా సార్" అన్నాడు.

కంటితో చూస్తే చాలదని తెలిశాక, నడకను కొలవడం మొదలైంది. కాలిఫోర్నియాలో జాక్విలిన్ పెర్రీ అనే ఆమె నడుస్తున్నప్పుడు ఏ కండ ఎప్పుడు పని చేస్తుందో విద్యుత్తుతో పట్టి చూసింది. డేవిడ్ సదర్లాండ్, జేమ్స్ గేజ్ వంటివారు కెమెరాలతో నడక ప్రయోగశాలలు పెట్టారు. తొడ, మోకాలు, మడమ మూడింటినీ కలిపి లెక్క కట్టి, చేయవలసినదంతా ఒకేసారి చేసి, ఇక పిల్లవాణ్ణి బడికి పంపడం వాళ్ళ పద్ధతి. మామూలుగా దీనికి ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసును ఎంచుకుంటారు. 1997లో కెనడాలో రాబర్ట్ పాలిసానో, ఆయనతోటివారు ఈ పిల్లలను ఐదు మెట్లుగా విభజించారు. ఒకటో మెట్టు పిల్లవాడు పరుగెత్తగలడు, ఐదో మెట్టు పిల్లవాడు తల నిలపడమే కష్టం. ఏ వైద్యం ఎవరికి అనే లెక్కకు ఇదే పునాది. మా పాప మూడో మెట్టు అని తర్వాత తెలిసింది.

కత్తి లేకుండా బాగుచేయాలని చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో విన్‌త్రాప్ ఫెల్ప్స్ 1930లలో ఈ పిల్లల కోసమే ప్రత్యేక సంస్థ పెట్టి వ్యాయామాలూ, ఇనుప పట్టీలూ వాడాడు. నాజీల బాధ పడలేక బెర్లిన్ నుంచి లండన్ పారిపోయి వచ్చిన బెర్తా బోబాత్, ఆమె భర్త కారెల్ 1951లో అక్కడ క్లినిక్ తెరిచారు. వాళ్ళ పద్ధతి ప్రపంచమంతా పాకింది, మన దేశంలోనూ చాలామంది ఫిజియోథెరపీ వాళ్ళు అదే నేర్చుకున్నారు. పట్టి కదిలించడం కంటే పిల్లవాడు తనంతట తాను, తనకు కావలసిన పని కోసం కదలడమే ఎక్కువ ఫలిస్తుందని ఈ మధ్యకాలపు పరిశోధనలు చెబుతున్నాయి. నీళ్ళ కుండ దాకా గోడ పట్టుకుని పోయే పాపకు ఈ సంగతి ముందే తెలిసినట్లుంది.

మందుల కథ ఇంకా తమాషా. బాక్లోఫెన్ అనే మాత్రను స్విట్జర్లాండులో సీబా కంపెనీలో కెబెర్లే అనే రసాయన శాస్త్రవేత్త 1962లో తయారు చేసింది మూర్ఛ వ్యాధికి. మూర్ఛకు పనికిరాలేదు, బిగుసుకున్న కండలను మాత్రం వదులు చేసింది. నోటితో మింగితే వెన్ను దాకా చేరేది తక్కువ, మత్తు ఎక్కువ. అందుకని 1984లో షికాగోలో పెన్, క్రోయిన్ అనేవారు పొట్ట చర్మం కింద చిన్న పంపు అమర్చి, సన్నని గొట్టం ద్వారా మందును నేరుగా వెన్ను నీటిలోకి పంపారు. 1990లలో ఇది పిల్లలకూ వచ్చింది. ఖరీదు చాలా ఎక్కువ, పంపును కొన్ని నెలలకొకసారి నింపించుకోవాలి, హఠాత్తుగా ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. మా ఊరి నుంచి పట్నం పోయి రావడమే గగనమైన వాళ్ళకు ఇది చెప్పి ఏం లాభమని ఫిజియోథెరపీ అమ్మాయే అన్నది.

రెండోది బొటాక్స్. పట్నాల్లో ముఖం ముడతలు పోవడానికి పొడిపించుకుంటారని విన్నదే. అసలు అది విషం. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో అంత్యక్రియలకు వాయించడానికి వచ్చిన బ్యాండు మేళంవాళ్ళు చెడిపోయిన మాంసం తిన్నారు (ఏ జంతువు మాంసమో మన సంచికలో చెప్పనవసరం లేదు). ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలోంచి ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్ క్రిమిని పట్టుకున్నాడు. ఆ క్రిమి విషం తీగ నరం కొసలో కూర్చుని, హుకుం కండకు చేరకుండా చేస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు దీన్ని అతి కొద్ది మోతాదులో మెల్లకన్నుకు వాడి, 1980లో ఫలితాలు ప్రకటించాడు. 1989లో అమెరికా ప్రభుత్వం కంటికి అనుమతించింది. దాన్ని పిల్లల పిక్కల్లోకి తెచ్చినవాడు ఉత్తర కరోలినాలో ఆండ్రూ కోమన్, ఆయన మొదటి ఫలితాలు 1993లో వచ్చాయి. పొడిచిన కొద్ది రోజుల్లో కండ వదులవుతుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. ఆ మూడు నాలుగు నెలల్లో సిమెంటు కట్లు, పట్టీలు, వ్యాయామం పెట్టి కండను సాగదీసుకోవాలి. వట్టి సూది పొడిపించుకుని ఇంటికి వస్తే డబ్బు దండుగ. పొట్టిదైపోయిన కండను ఈ మందు పొడుగు చేయలేదు.

ఇక అటక మీద పెట్టిన ఆపరేషను సంగతి. 1960లలో ఫ్రాన్సులోని మాంపెలియేలో క్లాద్ గ్రో వెన్ను వేరును మొత్తం తెంపకుండా, పోగులుగా విడదీసి కొన్ని పోగులే తెంపాడు. స్పర్శ మిగిలింది. ఇటలీలోని టూరిన్‌లో ఫజానో 1970లలో ఒక్కొక్క పోగుకు విద్యుత్తు తగిలించి, అతిగా జవాబిచ్చే పోగులనే ఎంచి తెంపాడు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లోని రెడ్‌క్రాస్ పిల్లల ఆసుపత్రిలో వార్విక్ పీకాక్, పిల్లల వైద్యురాలు లీలా ఆరెన్స్‌తో కలిసి, నడుము దగ్గర వేర్లు విడివిడిగా కనిపించే చోట ఈ పని చేశాడు, మూత్రానికి సంబంధించిన వేర్లను గుర్తుపట్టి వదిలేయడం తేలికయింది. 1986లో ఆయన అమెరికా పోవడంతో పద్ధతి అక్కడ వ్యాపించింది. సెయింట్ లూయీలో టి.ఎస్. పార్క్ 1991లో వెన్నెముకను ఒక్క పూసంత మేర మాత్రమే తెరిచి చేసే పద్ధతి తెచ్చాడు. వాంకూవర్, టొరంటో, సియాటిల్ మూడు చోట్ల పిల్లలను చీటీ వేసినట్లు విడదీసి పోల్చి చూశారు. బిగుతు తగ్గిందని మూడింటా తేలింది. నడక, కదలిక బాగుపడడం మాత్రం అనుకున్నంత కాదు, కొంచెమే. ఇంగ్లండులో ఐదు ఆసుపత్రుల్లో 137 మంది పిల్లలకు చేసి చూశాక, 2018లో అక్కడి ప్రభుత్వం రెండో, మూడో మెట్టు పిల్లలకు ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. మన దేశంలోనూ కొద్దిచోట్ల చేస్తున్నారు. ఒకసారి తెంపిన పోగు మళ్ళీ అతకదు. బిగుతు పోయాక దాని చాటున దాగిన బలహీనత బయటపడుతుంది. కొందరు పిల్లలు నిలబడేది ఆ బిగుతు ఆధారంతోనే! తర్వాత నెలల తరబడి వ్యాయామం లేకపోతే ఉన్నదీ పోతుంది.

స్వీడన్‌వాళ్ళది ఇంకో దారి. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి ఈ పిల్లలందరి పేర్లూ రిజిస్టరులో వ్రాసుకుని, తుంటికి ఎక్స్‌రేలు తీస్తూ వచ్చారు. తొడ కండలు లోపలికి గుంజి గుంజి తుంటి ఎముకను గూటిలోంచి జార్చేస్తాయి, మొదట్లో నొప్పి ఉండదు గనుక ఎవరికీ తెలియదు. ముందే పట్టుకోవడంతో అక్కడ తుంటి పూర్తిగా జారిపోవడం దాదాపు లేకుండా పోయింది. రిజిస్టరూ ఎక్స్‌రేయే! మా హాజరు పట్టీ లాంటిదే గదా అనిపించింది. ఇంత పెద్ద శాస్త్రంలో మాకు బాగా నచ్చింది ఇదే.

మన దేశంలో ఈ పిల్లలకని మొదటి ప్రత్యేక పాఠశాల 1972లో బొంబాయిలో మిథూ అలూర్ పెట్టారు. ఆమె కూతురిదీ ఇదే జబ్బు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది, దాని కింద నిరామయ అనే పథకంలో లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంది. 2016 చట్టంలో వైకల్యాల జాబితాలో సెరిబ్రల్ పాల్సీ పేరు స్పష్టంగా ఉంది. సొసైటీ సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి బిడ్డ ఉంటే సర్టిఫికెట్టు, బీమా కాగితాలు నింపడానికి మేము ఆదివారాలు కూర్చుంటాము. వేలిముద్ర వేసేవాళ్ళకు చదివి వినిపిస్తాము కూడా.

పాప తండ్రి జేబులోంచి తీసిన కాగితం మీద ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది రెండు కాళ్ళ మడమ తాళ్ళను పొడుగు చేయడం గురించి. తుంటి మాట గాని మోకాళ్ళ మాట గాని అందులో లేదు. వద్దనడానికి మేమెవరం? ఇంకో డాక్టరుకు కూడా చూపించండి, మూడు ప్రశ్నలు మాత్రం అడగండి అని చెప్పి ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చాము. మీరు కోసేది తాడు నరమా, తీగ నరమా? బిగుతు ఎంత, కండ పొట్టి కావడం ఎంత? మోకాలూ తుంటీ చూశారా?

రెండో డాక్టరు తల్లినే అడిగాడట, "నిద్రపోయేటప్పుడు కాళ్ళు ఎలా ఉంటాయమ్మా?" అని. "మెత్తగా ఉంటాయి, మడమ కూడా వంగుతుంది" అన్నది ఆమె. ఆరేళ్ళుగా రోజూ రాత్రి చూస్తున్నదే, ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు. ఆ తర్వాత మాకు చెబుతుంటే మాత్రం తల వంచుకోలేదు. తుంటికి ఎక్స్‌రే తీశారు, ఎడమ వైపు కొంచెం జారింది, ఆరు నెలలకు మళ్ళీ తీయాలన్నారు. ప్రస్తుతానికి కోత లేదు. పిక్కల్లో సూదులు, వారం వారం మార్చే సిమెంటు కట్లు, తర్వాత ప్లాస్టిక్ పట్టీలు. ఆపరేషను అవసరం పడవచ్చు, పడితే అన్నీ చూసుకుని ఒకేసారి, ఇంకో రెండు మూడేళ్ళ తర్వాత.

కట్లు వేసిన నెలన్నరా మా పాత విద్యార్థే తన మూడు చక్రాల స్కూటరు మీద పాపను బడికి దించి పోయాడు. పట్టీలు వచ్చాయి గాని బూట్లు సరిపోలేదు, రెండు సైజులు పెద్దవి కొనవలసి వచ్చింది. సోమవారం నాడు ఆ పెద్ద బూట్లతో గోడ పట్టుకుని కుండ దాకా పోయింది, మడమలు ఆనాయి. మిఠాయి తెస్తానన్నాడు తండ్రి. తుంటి ఎక్స్‌రే ఇంకోటి తీశాక చూద్దాం లెండి అన్నాము.